గాలి కోసం పూజ చేసిన టాక్స్ ఆఫీసర్లు

బండ మీద చెక్కిన అక్షరాలకి ఫోన్ కెమెరా చూపించి, వచ్చిన అనువాదాన్ని నేను చదివి వినిపిస్తుంటే నాన్న మధ్యలో ఆపి, "ఆగమ్మాయ్, అంటే వీళ్లంతా మా డిపార్టుమెంటేనా?" అన్నాడు.

దాదాపు అంతే. చైనా ఆగ్నేయ తీరంలో, ఫూజియెన్ ప్రావిన్స్‌లో, చ్వాన్‌జౌ అని ఒక ఊరుంది. ఊరికి పడమటి వైపు జియూరి అనే చిన్న కొండ. సోంగ్ రాజుల కాలంలో, 1174 నుంచి 1266 మధ్య, ఆ ఊరి పాలనాధికారీ, ఓడల సుంకం వసూలు చేసే ఆఫీసు పెద్దలూ కలిసి ఇక్కడికి వచ్చి గాలి కోసం పూజ చేసి వెళ్లిన సంగతి ఈ బండల మీద పది చోట్ల చెక్కి ఉంది. ఫలానా సంవత్సరం, ఫలానా నెల, మేం ఫలానావాళ్లం, ఓడలకి మంచి గాలి ఇమ్మని దేవుడికి మొక్కుకున్నాం, ఇంతే విషయం. చలికాలంలో ఈశాన్యం గాలి పట్టుకుని ఓడలు దక్షిణానికి బయల్దేరాలి, ఎండాకాలంలో నైరుతి గాలికి సరుకేసుకుని తిరిగి రావాలి, అందుకని ఏడాదికి రెండు పూజలు. ఓడ రాకపోతే సుంకం లేదు, సుంకం లేకపోతే పైనుంచి అక్షింతలు.

నాన్న వాణిజ్య పన్నుల శాఖలో చేరి, సీటీవోగా, అంటే కమర్షియల్ టాక్స్ ఆఫీసర్‌గా, రిటైరయ్యాడు. "మేం మార్చి నెలాఖరుకి టార్గెట్ రావాలని మనసులో మొక్కుకునేవాళ్లం. వీళ్లు బండ మీద చెక్కించుకున్నారు" అని ఆ రాయిని అరచేత్తో నిమిరాడు. కాపలా ఆయన దూరం నుంచి ఏదో అరిచాడు, ముట్టుకోవద్దని కాబోలు.

నేను సింగపూర్లో ఉంటాను. అమ్మ మా అన్నయ్య దగ్గరికి వెళ్తే నాన్న నా దగ్గరికి వచ్చాడు, రెండు వారాలకే ఫ్లాట్‌లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు. మా ఆఫీసులో ఒకావిడ తాతలది చ్వాన్‌జౌ పక్క పల్లె, ఆవిడే చెప్పింది వెళ్లి చూడమని. నాకు ఆ ఊరి పేరు ఇంకో రకంగా తెలుసు. పాత అరబ్బు యాత్రికులు దాన్ని జైతూన్ అనేవారు. పదో శతాబ్దంలో కోట చుట్టూ నాటించిన ఎర్రపూల చెట్ల వల్ల ఊరికి త్సిథోంగ్ అనే పేరొస్తే, అది విదేశీ నావికుల నోట్లో పడి జైతూన్ అయింది. ఆ చెట్టు మనకి తెలిసిందే, మనవైపు బాడిద అంటారు. మార్కోపోలో 1290ల మొదట్లో ఇంటిదారి పట్టింది ఈ రేవు నుంచే. ఆయన తన వృత్తాంతంలో మోటుపల్లి గురించి, అక్కడి రాణి గురించి కూడా చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవే అంటారు. మాది వేటపాలెం. మోటుపల్లి మాకు పక్కనే, చిన్నప్పుడు సముద్ర స్నానాలకి వెళ్తూ వీరభద్రస్వామి గుడి దగ్గర ఆగేవాళ్లం. ఆ గుడి శాసనం సంగతి నాన్నకి నోటికి వచ్చు. సుంకాల మీద శాసనం కదా, రాకపోతే ఎలా?

అందుకని షియామెన్‌కి విమానం, అక్కడి నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో అరగంట పైచిలుకు. దిగాక మొదటి హోటల్లో మా పాస్‌పోర్టులు కంప్యూటర్లోకి ఎక్కించడం రాక రిసెప్షన్ అమ్మాయి గంటసేపు చెమటలు పట్టి, చివరికి డబ్బు వెనక్కిచ్చి చేతులు జోడించింది. రాత్రి తొమ్మిదికి సూట్‌కేసులు లాక్కుంటూ వెస్ట్ స్ట్రీట్ సందుల్లో ఇంకో గది వెతుక్కున్నాం. పొద్దున టిఫిన్ మాత్రం నాన్నకి భలే నచ్చింది. జుట్టులా సన్నగా ఉండే సేమ్యాని జావలాగా కాచి ఇస్తారు, అందులోకి మనకి కావలసినవి ఏరుకోవచ్చు. "అచ్చు జ్వరమొచ్చినప్పుడు పెట్టేది" అంటూ రెండు గిన్నెలు లాగించాడు.

సుంకం ఆఫీసు పెట్టింది 1087లో. దాని ఆనవాళ్లు ఇప్పుడు ఒక మామూలు ఇళ్ల సందులో ఉన్నాయి, పక్కన సన్నటి కాలవ, చిన్న గుడి, ఆరేసిన బట్టలు. యునెస్కో 2021లో ఈ ఊళ్లో 22 స్థలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, అందులో ఇదొకటి. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదని ముందే చెప్పేస్తున్నా, తవ్వకాల గుంటలూ బోర్డులూ అంతే. కానీ మేం ఎక్కువసేపు గడిపింది ఇక్కడే, ఎందుకంటే నాన్న ఒక మెట్టు చూసుకుని కూర్చుని నన్ను ప్రశ్నలేయడం మొదలుపెట్టాడు. రేటెంత? మామూలుగా విలువైన సరుకు మీద పదో వంతు. సరుకు రూపంలోనా, డబ్బు రూపంలోనా? సరుకే తీసుకునేవారు. మిగిలింది అమ్ముకోనిచ్చేవారా? అక్కడే చిక్కు. కొన్ని సరుకులు ప్రభుత్వమే కొనాలి, ఆ ధర ప్రభుత్వానిదే. అది చాలదన్నట్టు అధికారులు కూడా చవగ్గా బలవంతంగా కొనుక్కునేవారు.

"పది శాతం పెద్ద రేటు కాదమ్మాయ్" అన్నాడు. "ఏ వ్యాపారీ రేటు చూసి పారిపోడు. రేటు కట్టాక కూడా వదలరని తెలిస్తే పారిపోతాడు."

నేను ఈ ప్రయాణానికి ముందు చదివినదాంట్లో నాకు బాగా గుర్తుండిపోయిన ముక్క ఒకటి అప్పుడే చెప్పాను. 1217లో జెన్ దెషియు అనే పండితుడు ఈ ఊరికి పాలనాధికారిగా వచ్చాడు. అప్పటికి వసూళ్ల బాధ పడలేక విదేశీ ఓడలు ఏడాదికి మూడో నాలుగో వస్తున్నాయట. ఈయన ఆ వసూళ్లు సడలించాడు. ఓడల సంఖ్య 36కి ఎగబాకిందని సోంగ్ వంశపు అధికారిక చరిత్రలోనే రాసి ఉంది. నాన్న కళ్లు మెరిశాయి. ఎందుకో నాకు తెలుసు. మోటుపల్లిలో గణపతిదేవుడి అభయ శాసనం 1244లోది, అంటే ఇంచుమించు ఒకే తరం. అంతకుముందు రాజులు తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాగేసుకునేవారట. ప్రాణం కన్నా డబ్బే ఎక్కువనుకుని సముద్రం మీద ఇంత సాహసం చేసి వచ్చిన వాళ్ల దగ్గర న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని కాకతీయ రాజు రాయించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యో వంతు. సరుకుల జాబితాలో చీని కర్పూరం కూడా ఉంది. ఆ మెట్టు మీద కూర్చుని చీని కర్పూరం అన్న మాటని నాన్న రెండు మూడుసార్లు పలికాడు. చిన్నప్పుడు ఆ మాట విన్నప్పుడల్లా నాకు గుళ్లో హారతే గుర్తొచ్చేది, అది ఎక్కడో ఒక రేవులో ఓడెక్కి వచ్చిందని తట్టలేదు.

ఈ ఊరు ఇంత పెద్దదెలా అయిందో చెప్పాలంటే ఉత్తరాన జరిగిన ఘోరం చెప్పాలి. 1127లో జుర్చెన్లనే ఉత్తరాది జాతివాళ్లు వచ్చి సోంగ్ రాజధాని కైఫెంగ్‌ని పట్టేసుకున్నారు. మిగిలిన రాజకుటుంబం దక్షిణానికి పారిపోయి హాంగ్‌జౌలో కొలువు పెట్టుకుంది. సగం దేశం పోయింది, ఖర్చులు మాత్రం తగ్గలేదు, దాంతో సముద్రం మీద వచ్చే ఆదాయం మీద ఆధారపడక తప్పలేదు. చ్వాన్‌జౌకి అదృష్టం పట్టింది. కానీ దాంతోపాటే ఒక తద్దినం కూడా వచ్చింది. రాజవంశపు దాయాదులు కొన్ని వందల మందిని తెచ్చి ఇక్కడ కాపురం పెట్టించారు, వాళ్లందరికీ ఇల్లూ జీతమూ ఈ ఊరి ఖజానా నుంచే. తరాలు గడిచేకొద్దీ వందలు వేలయ్యాయి. పెన్షనర్ల సంఖ్య పెరిగి, ఓడల సంఖ్య తగ్గితే ఊరి బడ్జెట్ ఏమవుతుందో ఊహించుకోండి. నాన్న మాత్రం పెన్షనర్లను ఏమీ అనొద్దన్నాడు.

కైయువాన్ గుడికి మధ్యాహ్నం వెళ్లాం. 686లో కట్టిన బౌద్ధాలయం. 13వ శతాబ్దంలో పూర్తిగా రాతితో కట్టిన జంట గోపురాలు, పెద్దది 48 మీటర్లు. జనం వాటి ముందు ఫోటోలు దిగుతుంటే మేం ప్రధాన ఆలయం వెనక్కి వెళ్లాం. అక్కడ రెండు స్తంభాలున్నాయి. నల్లపచ్చటి రాయి, పదహారు పలకలు, మధ్యమధ్యలో గుండ్రటి చట్రాల్లో బొమ్మలు. మొదటిదాని దగ్గర వంగి చూసి నాన్న "నరసింహస్వామి!" అని గట్టిగా అరిచేశాడు. ఒళ్లో హిరణ్యకశిపుడు అడ్డంగా పడి ఉన్నాడు. ఇంకో చట్రంలో జంట మద్ది చెట్ల మధ్య బాలకృష్ణుడు. కాళీయుడు. ఆపైన గజేంద్ర మోక్షం. బడిలో పద్యాలు అప్పజెప్పలేక బెత్తం దెబ్బలు తిన్న గజేంద్ర మోక్షం ఇక్కడ, బుద్ధుడి గుడి వెనక వసారాలో, అగరొత్తుల పొగకి మసిబారి ఉంది. కింద అరుగు చుట్టూ మనిషి ముఖమున్న సింహాలూ మామూలు సింహాలూ వరసగా, మొత్తం 73 పలకలు.

ఇవి ఈ గుడివి కావు. దక్షిణాది వ్యాపారులు, ముఖ్యంగా తమిళులు, ఇక్కడ శివుడికి గుడి కట్టుకున్నారు. 1281 నాటి తమిళ శాసనం దొరికింది, చివర్లో ఒక వరస చైనా అక్షరాలు కూడా ఉన్నాయి. ఆ గుడి పోయాక, తరవాతి మింగ్ రాజుల కాలంలో కైయువాన్ మరమ్మతులప్పుడు ఆ స్తంభాలు తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. స్తంభం స్తంభమే కదా, బరువు మోస్తే చాలు. పక్కన ఒక ముసలమ్మ అగరొత్తులు పట్టుకుని ఆ స్తంభాలకీ ఒక దండం పెట్టి పోయింది.

అదే ఆవరణలో ఓడ ఉంది. 1974లో హౌజూ రేవు దగ్గర బురదలోంచి తీశారు, మిగిలిన భాగమే 24 మీటర్ల పొడవు. అడుగుభాగంలో అడ్డగోడలు కట్టి 13 గదులు చేశారు, ఒక గదికి చిల్లి పడినా ఓడ మునగకుండా. సుగంధపు చెక్కలు, మిరియాలు, పాదరసం దొరికాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం సరుకు మూటలకి కట్టిన చెక్క చీటీలు, వేలెడంత ఉంటాయి, వాటి మీద సిరాతో ఎవరి మూటో రాసి ఉంది. కొన్నిటి మీద ఉన్న గుర్తులు రాజవంశపు దాయాదులవని ఒక వాదన. అంటే జీతాలు చాలక వాళ్లూ వ్యాపారంలోకి దిగారన్నమాట. ఓడ 1270లలో మునిగింది. అది దక్షిణ సముద్రాల నుంచి తిరిగొచ్చేసరికి ఊరు చేతులు మారిందని, యజమానులు లేక అలా వదిలేశారని కొందరి ఊహ.

ఊరు చేతులు మారిన కథ మామూలుది కాదు. మంగోలులు హాంగ్‌జౌని పట్టేశాక, 1276 చివర్లో, పసివాడైన చక్రవర్తిని ఓడల్లో పెట్టుకుని సోంగ్ సైన్యం చ్వాన్‌జౌ తీరానికి వచ్చింది. ఇక్కడ చక్రం తిప్పేది పు షౌగెంగ్. పశ్చిమాసియా మూలాలున్న ముస్లిం కుటుంబం, ఓడల వ్యాపారి, పైగా ఓడల సుంకం అధికారం కూడా ఆయనదే. "అదెట్లా కుదురుతుంది? డీలరే సీటీవోనా!" అని నాన్న. కుదిరింది మరి. సోంగ్ సేనాని ఝాంగ్ షిజియె ఓడలు చాలక, పు షౌగెంగ్ ఓడలనూ సరుకునూ లాగేసుకున్నాడు. దాంతో పు షౌగెంగ్ కోట తలుపులు మూయించి, లోపలున్న రాజవంశపు దాయాదుల్ని ఊచకోత కోయించి, మంగోలులతో చేతులు కలిపాడు. చచ్చినవాళ్లు వేలల్లో అంటారు. ఓడల్లేని సోంగ్ వంశం ఇంకో రెండేళ్ల పైచిలుకు సముద్రం మీద కొట్టుకుని 1279లో మునిగిపోయింది.

పు షౌగెంగ్‌ని ద్రోహి అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకైతే మోటుపల్లి పాత రాజులు చేసిన పనే ఝాంగ్ షిజియె చేశాడనిపించింది. ఇక్కడ ఓడలు పోగొట్టుకున్నవాడి చేతిలో కోట తాళాలున్నాయి, అదీ తేడా. దాయాదుల పిల్లలూ ఆడవాళ్లూ ఏం చేశారని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మంగోలుల కింద, యువాన్ కాలంలో, ఊరు ఇంకా పెద్దదైంది. అలెగ్జాండ్రియాకి ఒక్క ఓడ మిరియాలు వెళ్తే ఇక్కడికి వంద వస్తాయని మార్కోపోలో అన్నాడు, ఆయన లెక్కల్ని కాస్త తగ్గించి వినాలనుకోండి. ఛింగ్‌జింగ్ మసీదు ఆ వైభవానికి మిగిలిన గుర్తు, మొదట 1009 ప్రాంతంలో కట్టింది, 1310 ప్రాంతంలో బాగుచేశారు. ఎత్తైన రాతి ద్వారం, లోపల కప్పు లేని ప్రార్థనశాల, నేల మీద గడ్డి, గోడల నిండా అరబిక్ అక్షరాలు. తరవాత 1357లో ఇక్కడి పర్షియన్ సైనికులు తిరుగుబాటు చేశారు, తొమ్మిదేళ్లు కొట్లాటలే, చివర్లో మళ్లీ ఊచకోత, ఈసారి విదేశీయుల్ది. బతికినవాళ్లు ఓడలెక్కి పోయారు. 1368లో మింగ్ వంశం వచ్చింది, మూడేళ్లకే ప్రైవేటు వాళ్లెవరూ సముద్రం మీదకి వెళ్లొద్దని నిషేధం. పు వంశస్థుల్ని పరీక్షలకీ కొలువులకీ దూరం పెట్టారు. 1470లలో సుంకం ఆఫీసునే ఫూజౌకి తరలించేశారు. ఆఫీసు పోయిన ఊరు ఎలా ఉంటుందో జిల్లా కేంద్రం మారిన ఊళ్లవాళ్లని అడగాలి. దొంగ రవాణా పెరిగింది, 1567లో మళ్లీ అనుమతి ఇచ్చినా అది పక్కనున్న యుయెగాంగ్ రేవుకి, ఆ తరవాత వంతు షియామెన్‌ది. మా ఆఫీసావిడ తాతల్లాంటి వాళ్లు మూటాముల్లె సర్దుకుని ఆగ్నేయాసియాకి వచ్చేశారు.

ఓడరేవు మ్యూజియంలో ఆ పోయినవాళ్ల రాళ్లున్నాయి. సమాధుల మీద అరబిక్, తామరపువ్వు మీద శిలువ, హిందూ గుళ్ల ముక్కలు. చాలావాటిని తరవాతివాళ్లు పగలగొట్టి కోటగోడలో, పునాదుల్లో వాడేసుకున్నారు. 20వ శతాబ్దంలో ఆ గోడ కూలగొడుతున్నప్పుడు వు వెన్‌లియాంగ్ అనే బడి పంతులు, జీతంలోంచి డబ్బులు పెట్టి ఆ రాళ్లు కొని ఇంట్లో పేర్చుకున్నాడు, తరవాత వాటిని మ్యూజియానికే ఇచ్చేశాడు. ఇంట్లోవాళ్లు ఏమనుకున్నారో గానీ ఆయనే లేకపోతే ఈ ఊరి కథలో సగం ఏ ఇంటి మెట్ల కిందో ఉండేది. అందులో ఒక పలక మీద ఏనుగు శివలింగానికి పువ్వు పెడుతోంది. "కాళహస్తి!" అన్నాడు నాన్న. కట్టింది తమిళులు కాబట్టి తిరువానైక్కావల్ ఏనుగై ఉంటుందన్నాను. "మనదే" అన్నాడు. నేనింక వాదించలేదు.

మర్నాడు లువోయాంగ్ వంతెనకి వెళ్దామని ఫోన్లో లువోయాంగ్ అని కొట్టి డ్రైవర్‌కి చూపిస్తే ఆయన పగలబడి నవ్వాడు. ఎక్కడో వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పాత రాజధాని వచ్చిందట. అసలు వంతెన ఊరి పక్కనే, ఏటి ముఖద్వారం మీద. 1053 నుంచి 1059 దాకా కట్టారు. త్సాయ్ షియాంగ్ అనే అధికారి అప్పుడు ఇక్కడ ఉన్నాడు, ఆయన చెక్కించిన శాసనంలో పనివాళ్ల పెద్దల పేర్లతో పాటు ఖర్చు కూడా ఉంది, కోటీ 40 లక్షల కాసులు, అదీ చందాలు పోగుచేసి. మేం వెళ్లేసరికి ఆటు. నీళ్లు తీసి బురద బయటపడింది, స్తంభాల కింద రాళ్లకి ఆల్చిప్పలు పొలుసుల్లా కరుచుకుని ఉన్నాయి. వాటిని కావాలనే పెంచారు, పునాది రాళ్లని అవే అతికించి పట్టుకుంటాయని. ఇప్పుడు కూడా ఆడవాళ్లు బురదలో వంగి ఆల్చిప్పలు గీకుతున్నారు. ఒకామె వంతెన మీదే గోనెసంచి పరుచుకుని, చిన్న కత్తితో టక్కుమని తెరవడం, వేలితో లాగి గిన్నెలో వేయడం, మూడు సెకన్లకి ఒకటి, తలెత్తకుండా.

షున్‌పు పల్లెకి వెళ్తే ఆల్చిప్పలతోనే కట్టిన ఇళ్ల గోడలు. ఆ ఊరి ఆడవాళ్లు కొప్పు చుట్టూ వరసలు వరసలుగా పూలు చుట్టుకుంటారు, ఇప్పుడది పెద్ద ఫ్యాషన్, దేశమంతటి నుంచి అమ్మాయిలు వచ్చి పెట్టించుకుని ఫోటోలు దిగుతున్నారు. నేనూ కూర్చున్నా. ఆవిడ నా జుట్టు బిగించి కొప్పేసి, దారానికి గుచ్చిన మల్లెమొగ్గల్లాంటివి నాలుగు వరసలు చుట్టేసరికి తలనొప్పి మొదలైంది. సింగపూర్ సిమ్ కాబట్టి వాట్సాప్ పనిచేసింది. నాన్న అమ్మకి వీడియో కాల్ చేసి చూపిస్తే, "పెళ్లిలో నాలుగు పూలు పెట్టుకోమంటే ఏడ్చావు కదే!" అంది అమ్మ.

చాంగీ ఎయిర్‌పోర్టులో దిగాక గ్రీన్ ఛానల్లోంచి వచ్చేద్దాం అంటే నాన్న ఒప్పుకోలేదు, ఆరు పొట్లాల అన్‌షీ టీ ఉంది, అడిగే వెళ్దాం అన్నాడు. కౌంటర్లో కుర్రాడు సంచి వైపు చూసి, నవ్వి, పర్లేదు వెళ్లండన్నాడు. టాక్సీ ఎక్కాక కూడా నాన్న అదే గొణుగుతున్నాడు, "కనీసం సంచి విప్పి చూడలేదమ్మాయ్ వాడు" అని.